ఎడారి పొదలు, గడ్డి మొలకలు: భూసారం ఎక్కడ దాగి వుంటుంది?

పశువులను బీడుకు తోలే ప్రతి సభ్యుడూ ఒక సంగతి చూసే వుంటాడు. తొలకరి పడిన పది పదిహేను రోజులకు ముళ్ళపొద మొదట్లో గడ్డి పచ్చగా లేస్తుంది. పొదకు రెండు బారల అవతల నేల మాత్రం బోడిగానే వుంటుంది. పడిన వాన ఒకటే, గాలి తెచ్చి పడవేసిన విత్తనమూ ఒకటే. "పొదలోకి పశువు మూతి దూరదు కనుక గడ్డి మిగిలింది" అని మనం సమాధానం చెప్పుకుంటాం. అది సగం నిజం. మిగిలిన సగం నేలలో వుంది.

ఆ సగాన్ని శాస్త్రజ్ఞులు ఎక్కువగా పరిశీలించింది ఎడారి పొదల భూములలో. మన దేశంలో రాజస్థాన్‌లోని థార్ ఎడారి, అమెరికాలో న్యూ మెక్సికో, అరిజోనా ప్రాంతాల ఎడారులు ఇందుకు ముఖ్యమైనవి. అక్కడి విషయాలు మనకెందుకు అనిపించవచ్చు. మేత బీడును బాగుచేయదలచిన సంఘం ముందు మూడు ప్రశ్నలు వుంటాయి: పొదలు పెరికించాలా, ఎరువు వేయాలా, విత్తనం చల్లాలా? మూడూ డబ్బుతో కూడినవే. ఎడారి గడ్డి మొలక కథ తెలిసిన సంఘం ఆ డబ్బును చోటెరిగి ఖర్చు చేయగలుగుతుంది.

సారం తగ్గలేదు, చోటు మారింది

న్యూ మెక్సికోలోని హోర్నాడా అనే మైదానంలో 1912 నుంచి ప్రభుత్వ పచ్చిక పరిశోధన క్షేత్రం వుంది. సంవత్సరానికి సుమారు 250 మి.మీ. వర్షం పడే చోటు అది. 1858లో అక్కడ భూమి కొలిచిన సర్వేయర్లు రాసిపెట్టిన వివరాలను బట్టి, ఆ భూమిలో సగానికి పైగా పొదలన్నవే లేవు. బ్లాక్ గ్రామా అనే బహువార్షిక గడ్డి పరుచుకొని వుండేది. 1963లో అదే భూమిని మళ్ళీ లెక్కించినప్పుడు పొద లేని జాగా అసలు కనిపించలేదు. గడ్డి స్థానంలో క్రియోసోట్ పొద, మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమైన మెస్కీట్ పొద వచ్చి కూర్చున్నాయి. అతిగా మేపటం, వరుస కరువులు, మెస్కీట్ కాయలు తిన్న పశువులు విత్తనాన్ని ఊరంతా మోయటం, ఇవన్నీ కలిసి చేసిన పని ఇది.

ఇంత జరిగాక ఆ నేలలోని నత్రజనిని లెక్క కట్టి చూశారు. మొత్తం మీద సారం పెద్దగా తగ్గలేదు. కాని వెనుక పచ్చిక వున్నప్పుడు నేలంతా సమానంగా పరుచుకొని వున్న సారం, ఇప్పుడు పొదల మొదళ్ళలో కుప్పలుగా చేరింది. పొదకూ పొదకూ మధ్య నేల గొడ్డుబోయింది. ఈ కుప్పలకు శాస్త్రజ్ఞులు "సారం దీవులు" అని పేరు పెట్టారు.

దీవి ఏర్పడే తీరు కష్టమైనదేమీ కాదు. పొద తన వేళ్ళను నలువైపులా బోడినేల కిందికి పంపి సత్తువ లాగుతుంది. ఆ సత్తువ ఆకుగా మారి పొద కిందే రాలుతుంది. గాలికి కొట్టుకొచ్చే దుమ్ము, ఎండుటాకు, గడ్డి విత్తనం పొదకు తగిలి ఆగిపోతాయి. ఎండకు నీడ పట్టున నిలిచే పశువు, పక్షి అక్కడే రెట్ట వేస్తాయి. చీమలు, చెదలు అక్కడే పని చేస్తాయి. బోడినేల మీద పడిన వాన గట్టిపడిన పైపొరను కొట్టుకుంటూ పోతుంది. పొద కింద పడిన వాన ఇంకుతుంది. ఇలా ఏటేటా పొద కింద పెరుగుతూ, బయట తరుగుతూ పోతుంది. ఈ సారమంతా వుండేది పైనున్న కొద్ది సెంటీమీటర్ల మట్టిలోనే. ఆ పొర పోయిందంటే సారం పోయినట్లే.

హోర్నాడాలో కొన్ని చోట్ల కంచె వేసి పశువులను దశాబ్దాల తరబడి రానివ్వలేదు. అయినా గడ్డి తిరిగి రాలేదు, పొదలే పెరిగాయి. కంచె ఒక్కటే చాలుననుకునే వారు ఈ సంగతి గుర్తుంచుకోవలసి వుంది. నేల తీరు ఒక హద్దు దాటి మారిపోయాక, పశువును ఆపినంత మాత్రాన గడ్డి మొలకకు తగిన చోటు తయారు కాదు.

మొలకకు రెండో వేరు పడాలి

గడ్డి విత్తనం ఎంత చిన్నదో సభ్యులకు తెలుసు. జొన్న గింజలో వున్నంత నిలవ ఆహారం అందులో వుండదు. మొలిచిన కొద్ది రోజులకే అది తన కూడు తాను సంపాదించుకోవాలి. మొదట ఒకే ఒక సన్నని వేరు కిందికి దిగుతుంది. ఆ ఒక్క వేరుతో మొలక కొన్ని వారాలు నెట్టుకు రాగలదు కాని, దుబ్బు కట్టలేదు. దుబ్బు కట్టాలంటే మొలక మొదలు దగ్గర, అంటే దాదాపు నేల పైభాగంలోనే, రెండో విడత వేళ్ళు పుట్టాలి. అవి పుట్టటానికి పైమట్టి రెండు మూడు రోజులైనా వరుసగా తడిగా వుండాలి. ఎడారి ఎండలో పైమట్టి ఒక్క రోజులో ఎండిపోతుంది.

అమెరికా మైదానాలలో బ్లూ గ్రామా అనే గడ్డి మీద జరిగిన పరిశోధనలు ఈ సంగతిని స్పష్టంగా చూపాయి. మొదటి వానకు మొలిచిన మొక్కలు వేలల్లో వున్నా, రెండో వాన సమయానికి రాకపోతే అన్నీ ఒంటి వేరుతో నిలబడి మాడిపోతాయి. మన రైతు "మొలక బాగానే వచ్చింది, తర్వాత ఏమైందో కనిపించలేదు" అని చెప్పేది ఇదే. చాలాసార్లు విత్తనంలో లోపం వుండదు.

భూసారం చేసే మేలు ఇక్కడే కనిపిస్తుంది. సేంద్రియ పదార్థం వున్న పైమట్టి తడిని ఇంకొంచెంసేపు పట్టి వుంచుతుంది, పెళుసు కట్టదు, మొలక ముక్కు తేలికగా బయటికి వస్తుంది. భాస్వరం అందితే లేత వేరు త్వరగా సాగుతుంది. సున్నం పాలు ఎక్కువగా వుండే ఎడారి నేలల్లో భాస్వరం వున్నా మొక్కకు అందకుండా బిగిసిపోతుంది. పొద కింద కుళ్ళే ఆకు, వేళ్ళను పట్టుకొని బతికే మేలుచేసే శిలీంధ్రాలు దానిని కొంత విడిపిస్తాయి. నత్రజని మొలకకు ఆకును, బలాన్ని ఇస్తుంది. 1970లలో అరిజోనాలో మెస్కీట్ కింది మట్టిని, బయలు మట్టిని వేర్వేరుగా కుండీలలో పోసి గడ్డి పెంచి చూశారు. పొద కింది మట్టిలో గడ్డి బలంగా పెరిగింది. బయలు మట్టిలో ముఖ్యంగా కొరవడింది నత్రజని. కుండీలలో నీడ లేదు, నీరు సమానం. కనుక తేడా మట్టిదే అని రుజువైంది.

ఇంకొక మాట. ఎండిన నేల మీద తొలకరి పడగానే గడ్డి ఒక్కసారిగా పచ్చబడటం మనకు తెలిసినదే. తూర్పు ఆఫ్రికాలో పనిచేసిన బర్చ్ అనే శాస్త్రజ్ఞుడు 1958లో దీని కారణాన్ని వివరించాడు. బాగా ఎండిన మట్టి తడిసినప్పుడు అందులోని సూక్ష్మజీవులు ఒక్క ఉదుటున పనికి దిగి, సేంద్రియ పదార్థాన్ని కుళ్ళబెట్టి నత్రజనిని విడుదల చేస్తాయి. ఆ విందు కొద్ది రోజులే. అప్పటికి మొలిచి వున్న మొక్కకే అది దక్కుతుంది. సేంద్రియ పదార్థం లేని బోడినేలలో విందూ లేదు.

సారం ఎక్కువైతే గడ్డికి మేలేనా?

ఇంతవరకు చదివిన వారికి "అయితే బీడు మీద రెండు బస్తాల యూరియా చల్లితే సరి" అనిపించవచ్చు. అక్కడే పొరపాటు.

అమెరికా పశ్చిమ భాగంలో గ్రేట్ బేసిన్ అనే విశాలమైన చలి ఎడారి వుంది. సేజ్‌బ్రష్ అనే బూడిదరంగు పొద, పొదల మధ్య బహువార్షిక గడ్డి దుబ్బులు అక్కడి సహజ పచ్చిక. పంతొమ్మిదో శతాబ్దం చివర ధాన్యంతో కలిసి చీట్‌గ్రాస్ అనే ఏకవార్షిక గడ్డి ఆ నేలకు చేరింది. అది చలికాలపు తడికే మొలిచి, వేసవి మొదట్లోనే ఎండి, నిప్పుకు వంటచెరకు అవుతుంది. నిప్పు పడితే పొద కాలిపోతుంది, బూడిదతో నేలలో అందుబాటులో వుండే నత్రజని పెరుగుతుంది, దానిని మళ్ళీ చీట్‌గ్రాసే ముందుగా తినేస్తుంది. నత్రజని ఎక్కువగా వున్న చోట ఏకవార్షికపు మొలక, నిదానంగా పెరిగే బహువార్షిక గడ్డి మొలకను నీరు, వెలుతురు దక్కకుండా అణచివేస్తుందని అక్కడి పరిశోధనలు తేల్చాయి. దీనిని పరీక్షించటానికి కొన్ని మళ్ళలో పంచదార చల్లి చూశారు! పంచదార తిన్న సూక్ష్మజీవులు సంఖ్యలో పెరిగి, నేలలోని నత్రజనిని తమ ఒంట్లో దాచుకున్నాయి. చీట్‌గ్రాస్ పెరుగుదల తగ్గింది. రేషను పంచదార బీడు మీద చల్లమని ఎవరూ చెప్పరు గాని, అసలు సూత్రం ఆ ప్రయోగంలో కనిపిస్తుంది: సారం పెంచినప్పుడు ముందుగా తినేది ఎవరో చూసుకోవాలి.

నీరు చాలని చోట నత్రజని మరొక హాని కూడా చేస్తుంది. మొలక పైకి ఆకు ఎక్కువ వేస్తుంది, కిందికి వేరు తక్కువ వేస్తుంది. వాన రెండు వారాలు ఎగబెడితే ఆకు ఎక్కువైన మొలకే ముందు వాడుతుంది. జైసల్మేర్ వంటి చోట, సంవత్సరమంతా కలిపి 200 మి.మీ. కూడా పడని నేలలో, కరువు ఏట ఎరువు అలాగే మట్టిలో పడివుంటుంది. నీరు కొరత తీరిన ఏటనే నత్రజని కొరత బయటపడుతుంది.

మన బీళ్ళలో చీట్‌గ్రాస్ లేదు. దాని పని చేయటానికి వయ్యారిభామ వుంది. పూర్తిగా చివకని పెంటను బీడు మీద తోలితే ముందు లేచేది అదే.

జమ్మి ఒక దారి, సర్కారు తుమ్మ ఒక దారి

అన్ని పొదలూ, అన్ని చెట్లూ ఒకే విధమైన దీవిని కట్టవు. థార్ ఎడారిలో రైతు పొలం మధ్యన ఖేజ్డీ చెట్టును వుంచుకుంటాడు. దసరా నాడు మనం పూజించే జమ్మి చెట్టే అది. దాని ఆకు చిన్నది, నీడ పలుచన. వేరు చాలా లోతుకు పోతుంది కనుక పైమట్టిలోని తడి కోసం గడ్డితో అంతగా పోటీ పడదు. చిక్కుడు కుటుంబపు చెట్టు కనుక నత్రజనిని స్థిరపరుస్తుంది. చలికాలంలో కొమ్మ నరికి ఆకును మేతగా వేస్తారు. ఆ ఆకును లూంగ్ అంటారు. జోధ్‌పూర్‌లో 1959 నుంచి కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థ పనిచేస్తున్నది. ఖేజ్డీ కింది మట్టిలో సేంద్రియ పదార్థం, నత్రజని, అందుబాటులో వుండే భాస్వరం బయలు మట్టి కంటే ఎక్కువని అక్కడి పరిశోధనలు చూపాయి. చెట్టు కింద సజ్జ, గడ్డి బాగా వస్తాయన్నది అక్కడి రైతుకు అంతకు ముందే తెలుసు.

సర్కారు తుమ్మ కూడా నత్రజనిని స్థిరపరిచేదే, దాని కింద మట్టి కూడా సారవంతమే. అయినా గుబురుగా పెరిగిన తుమ్మ కింద గడ్డి మొలక కనిపించదు. నీడ దట్టం. పైమట్టిలోకి కూడా వేళ్ళు పరిచి తడిని లాగుతుంది. రాలిన ఆకులోని రసాయనాలు మొలకను అడ్డుకుంటాయని ప్రయోగశాల పరీక్షలు చెబుతున్నాయి. సారం వుండి కూడా గడ్డికి అందని దీవి ఇది. ఈ చెట్టు చరిత్రలో మన ప్రాంతానికీ పాత్ర వుంది. 1870లలో మద్రాసు అటవీ శాఖ వారు విత్తనం తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటించారు. మార్వాడ్ సంస్థానం 1940లో దీనిని రాజవృక్షంగా ప్రకటించింది. వంటచెరకు కోసం తెచ్చుకున్నది, మేత భూమిని తినేసింది.

పశువు తుమ్మకాయ తింటుంది, గింజ చెక్కుచెదరకుండా పేడలో వస్తుంది. కాయల కాలంలో పోగుచేసిన పేడను పచ్చిగా బీడుకు తోలితే తుమ్మను స్వయంగా విత్తినట్లే.

పాలతో పాటు పోయే సత్తువ

పాల సంఘం సభ్యులు ప్రత్యేకంగా ఆలోచించవలసిన లెక్క ఒకటి వుంది. ఆవు పాలలో మాంసకృత్తులు నూటికి మూడు పాళ్ళకు కొంచెం పైన. అంటే లీటరు పాలలో దాదాపు 5 గ్రాముల నత్రజని వుంటుంది. గేదె పాలలో ఇంకా కొంచెం ఎక్కువ. రోజుకు 300 లీటర్లు పంపే ఒక చిన్న సంఘాన్ని తీసుకుందాం. ఏడాదికి 1,09,500 లీటర్లు. వాటితో ఊరు దాటే నత్రజని సుమారు 547 కిలోలు. యూరియాలో చెప్పాలంటే 45 కిలోల బస్తాలు 26. ఇందులో కొంత కొన్న దాణా నుంచి వచ్చినదే కావచ్చు. మిగిలినది మన పొలం నుంచి, మన బీడు నుంచి పోయినదే.

ఇది చిన్న భాగమే. పశువు తిన్న నత్రజనిలో నాలుగింట మూడు వంతులు పేడ, మూత్రాలలోనే బయటికి వస్తుంది. పగలు బీడులో మేసి రాత్రి దొడ్డిలో కట్టేసిన పశువు, బీడు సారాన్ని ప్రతి రాత్రీ దొడ్డికి చేరవేస్తున్నట్లే. దొడ్డి పేడ మాగాణికి, మల్లె తోటకు, పిడకలకు పోతుంది. బీడుకు తిరిగి చేరేది ఏమీ వుండదు. ఎడారి పొద చేసిన పనినే మనమూ చేస్తున్నాం: చెల్లాచెదురుగా వున్న సారాన్ని తెచ్చి ఒక చోట కుప్ప వేస్తున్నాం. మన దీవి పెంటదిబ్బ.

పొదలు తీయాలా, వుంచాలా?

ఈ విషయంలో తొందరపాటు పనికిరాదు. అరిజోనాలో మెస్కీట్ తీసివేసిన చోట పదమూడేళ్ళ తరువాత మట్టిని పరీక్షిస్తే, దీవిలోని నత్రజని, సేంద్రియ పదార్థం తగ్గిపోయి వున్నాయి. పొద పోయాక కట్టినవాడు లేని గట్టు లాగా సారం కరిగిపోతుంది. కనుక పొద తీసిన మొదటి వర్షాకాలంలోనే ఆ జాగాలో గడ్డి నిలబడాలి. యంత్రం పెట్టి ఒకే వేసవిలో బీడంతా చదును చేయించి, విత్తనం సంగతి వచ్చే ఏడు చూద్దామనుకోవటం కంటే పెద్ద నష్టం లేదు. ఆ ఏడాది సారాన్ని కలుపు తింటుంది, మిగిలినది గాలివాన తింటుంది.

నా అభిప్రాయంలో ఒక ఏడాదిలో గడ్డి విత్తగలిగినంత మేరకే తుమ్మ తీయించాలి. మొదలు పైకి నరికితే పిలకలు వేస్తుంది. అడుగు లోతు తవ్వి మొదలంతా తీయాలి. జమ్మి, నేలరేగు వంటి మేతకు పనికొచ్చే వాటిని ఎడంగా వుంచేయాలి. నరికిన ముళ్ళకంపను కాల్చవద్దు, మొత్తం అమ్మవద్దు. బోడినేల మీద వాలుకు అడ్డంగా పలుచగా పరిపిస్తే గాలికి వచ్చే దుమ్మును, ఆకును, విత్తనాన్ని అది పట్టి ఆపుతుంది, మొలకకు కొంచెం నీడనిస్తుంది, మేకను దగ్గరికి రానివ్వదు. హోర్నాడాలో ఇదే ఉద్దేశంతో పొదల మధ్య చిన్న చిన్న వలతడికలు నిలిపి చూశారు; వాటి దగ్గర చెత్త ఆగి, విత్తనం ఆగి, గడ్డి మొలిచింది. మనకు వల అక్కరలేదు, కంప వుంది.

విత్తనం, ఎరువు, తడి

థార్‌లో రాఠీ, థార్‌పార్కర్ ఆవులను పోషించే గడ్డి సేవణ్. ఒకసారి దుబ్బు కడితే ఏళ్ళ తరబడి బతుకుతుంది, ఇసుక కప్పినా పైకి వస్తుంది. అయితే మొలకగా వున్నప్పుడు దాని కష్టాలు కూడా పైన చెప్పినవే. కాలువ నీటి ఆశతో ట్రాక్టరు పెట్టి దున్నేసిన సేవణ్ భూములు తిరిగి సేవణ్ కావటం చాలా కష్టంగా వుంది. మన మెట్ట ప్రాంతాలకు అనుకూలమైనది అంజన్ గడ్డి. దానితో పాటు 500 మి.మీ. వర్షం వుండే చోట స్టైలో హెమాటా. అనంతపురం జిల్లా సగటు వర్షపాతం 550 మి.మీ. ప్రాంతంలో వుంటుంది కనుక అక్కడ రెండూ వేయవచ్చు.

అంజన్ గింజ కోసిన వెంటనే సరిగా మొలవదు. ఆరు నుంచి ఎనిమిది నెలలు నిలవ వున్న విత్తనమే వాడాలి. ఎకరాకు రెండు కిలోలు చాలు. సెంటీమీటరు కంటే లోతుగా పడకూడదు. గింజ దూదిలా తేలిక కనుక గాలికి పోతుంది. అందుచేత చెరువు మట్టి, బాగా చివికిన పేడ, ఇసుక కలిపిన ముద్దలో విత్తనం కలిపి, శనగ గింజంత ఉండలు చేసి ఆరబెట్టి చల్లే పద్ధతి ఎడారి ప్రాంతాలలో వాడుకలో వుంది. సారాన్ని బీడంతా చల్లకుండా మొలక నోటికే అందించే పద్ధతి ఇది. కలుపుకు ఏమీ మిగలదు. స్టైలో గింజకు పెంకు గట్టి. 80 డిగ్రీల వేడి నీటిలో నాలుగైదు నిమిషాలు వుంచి ఆరబెట్టాలి.

యూరియా తొలి ఏడు విత్తేటప్పుడు వద్దు. గడ్డి దుబ్బు కట్టాక, మంచి వాన పడి నేల తడిగా వున్నప్పుడు కొద్దిగా వేస్తే గడ్డికే దక్కుతుంది. సూపర్ ఫాస్ఫేటు మాత్రం విత్తేటప్పుడే సాళ్ళలో వేయాలి. వేరుకు అది అవసరం, స్టైలోకు మరీ అవసరం.

ఏ బీడులో ఎంత సారం కొరవడిందో తెలుసుకోవటానికి మట్టి పరీక్ష చేయించటం సరైన మార్గం. దానికి ముందు సంఘం ఆవరణలోనే ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. అడుగున బెజ్జాలు పెట్టిన నాలుగు పాత డబ్బాలు తీసుకోండి. రెండింటిలో పొద కింది పైమట్టి, రెండింటిలో బోడినేల పైమట్టి నింపండి. ఒక్కొక్క దానిలో ఇరవై అంజన్ గింజలు వేసి, నాలుగింటినీ ఒకే ఎండలో పెట్టండి. ఒక జతకు రోజూ, రెండో జతకు నాలుగు రోజులకొకసారి, ఒకే గ్లాసుతో నీరు పోయండి. ఆరు వారాలకు పెరికి వేళ్ళు లెక్కపెట్టండి. రోజూ తడిపిన జతలో మాత్రమే తేడా కనిపిస్తే ముందు మీ బీడుకు నీరు నిలిపే గట్లు, కంప అవసరం. తడి తక్కువైన జతలో కూడా పొద మట్టి మొలక రెండో వేరు వేసి వుంటే పేడ, చెరువు మట్టి మీద పెట్టే ఖర్చు వృథా పోదు.

విత్తిన మొదటి ఏడు పశువును తోలకూడదు. గింజ రాలాక కొడవలితో కోసి మేపుకోవచ్చు. లేత దుబ్బును పశువు పీకితే వేరుతో సహా వస్తుంది. రెండో వర్షాకాలంలో పీకినా రాదు.